ఫ్యానుకు స్విచ్చి, రంపానికి స్టార్టరు

ఇంట్లో ఫ్యాను తిరుగుతూండగా కరెంటు పోయిందనుకోండి. రెక్కలు నెమ్మదించి ఆగిపోతాయి. మనం విసనకర్ర అందుకుంటాం. పావుగంట తరవాత కరెంటు వస్తుంది. ఎవరూ లేచి స్విచ్చి వేయకుండానే ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. స్విచ్చి వేసి ఉన్నది వేసినట్టే ఉంది గనక ఇందులో వింత లేదు. మనకు కావలసిందీ అదే.

ఇదే సంగతి ఒక వడ్రంగి కార్ఖానాలో జరిగితే ఎలా ఉంటుందో చూద్దాం. ఇనప బల్ల మధ్యలో సన్నటి సందు, ఆ సందులోంచి పైకి కనిపించే గుండ్రటి రంపం బిళ్ళ, బల్ల కింద దాన్ని తిప్పే మోటారు. టేకు పలక సగం కోసేసరికి కరెంటు పోయింది. బిళ్ళ పలకలో ఇరుక్కుని నిలిచిపోయింది. పనివాడు ఊరికే కూర్చోడు గదా! పలకను వెనక్కు లాగుతాడు. రంపం పళ్ళ దగ్గర పేరుకున్న రంపపుపొట్టును చేత్తో తుడుస్తాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చిందనుకోండి. ఆ రంపానికి ఫ్యానుకు ఉండేలాంటి స్విచ్చే ఉంటే, అతను చెయ్యి వెనక్కు తీసుకునేలోగా బిళ్ళ తిరగడం మొదలుపెడుతుంది. ఇలాంటి మోటారు నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం అందుకోడానికి దానికి ఒకటి రెండు సెకన్లు చాలు.

ఇక్కడ స్విచ్చి చెడిపోలేదు. స్విచ్చి చేయవలసిన పనే చేసింది. ఆ పనికి ఆ స్విచ్చి తగదు, అంతే. అందుకే కార్ఖానాలో మరలను నడిపే మోటార్లకు స్టార్టరు అనే వేరే సాధనం పెడతారు. దాన్ని మీరు చూసే ఉంటారు. ఆకుపచ్చ బొత్తాం ఒకటి, ఎర్ర బొత్తాం ఒకటి ఉన్న ఇనప పెట్టె. పిండిమరలో గోడకు ఉంటుంది. పొలంలో మోటారు షెడ్డులో ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదు బాలానగర్‌లోనో ఏ లేత్ షెడ్డులోకి తొంగిచూసినా కనిపిస్తుంది.

ఆ పెట్టెలో ఉన్న కీలకమైన వస్తువు విద్యుదయస్కాంతం. ఇనప దిమ్మ మీద రాగితీగ చుట్ట ఉంటుంది. ఆకుపచ్చ బొత్తాం నొక్కితే ఈ చుట్టలోకి కరెంటు ప్రవహిస్తుంది. దిమ్మ అయస్కాంతంగా మారి, ఎదురుగా స్ప్రింగు మీద ఉన్న మరో ఇనప ముక్కను టక్కున లాక్కుంటుంది. ఆ ముక్కకు బిగించిన మూడు కాంటాక్టులు మోటారుకు పోయే మూడు తీగలను ఒక్కసారే కలుపుతాయి. మోటారు తిరుగుతుంది. ఈ భాగాన్ని కాంటాక్టరు అంటారు.

మరి బొత్తాం మీంచి వేలు తీసేస్తే? బొత్తాం వెనక్కు వచ్చేస్తుంది, దాని దారి తెగిపోతుంది. అయినా మోటారు ఆగదు. కారణం చాలా ముచ్చటైనది. కాంటాక్టరులో ఆ మూడింటితోపాటు చిన్న కాంటాక్టు ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆకుపచ్చ బొత్తానికి సమాంతరంగా కలుపుతారు. కాంటాక్టరు ఒకసారి మూసుకోగానే ఈ నాలుగో కాంటాక్టు కూడా మూసుకుని, చుట్టకు కరెంటు అందే దారిని తానే నిలబెడుతుంది. అంటే అయస్కాంతం తనను తానే పట్టి ఉంచుకుంటుందన్నమాట.

ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. చుట్టలో ప్రవాహం ఆగి అయస్కాంతత్వం పోతుంది. స్ప్రింగు తోసేయగానే మూడు పెద్ద కాంటాక్టులూ, ఆ చిన్నదీ ఒకేసారి విడిపోతాయి. కరెంటు తిరిగి వచ్చేసరికి చుట్టకు దారి లేదు: బొత్తాం విడిపోయి ఉంది, చిన్న కాంటాక్టూ విడిపోయి ఉంది. మనిషి వచ్చి ఆకుపచ్చ బొత్తాం నొక్కేదాకా రంపం కదలదు. కరెంటు పూర్తిగా పోనక్కరలేదు, వోల్టేజి బాగా పడిపోయినా అయస్కాంతం పట్టు విడిచిపెడుతుంది. దీన్ని నో–వోల్ట్ రక్షణ అంటారు. రంపానికి స్టార్టరు ఎంచేటప్పుడు మొట్టమొదట అడగవలసింది దీని గురించే. మిగతావన్నీ దీని తరవాతే.

పొలంలో పంపుసెట్ల విషయంలో దీనికి సరిగ్గా ఎదురు కథ నడిచింది. వ్యవసాయానికి కరెంటు కొన్ని గంటలే, అదీ అర్ధరాత్రి వేళ వచ్చే రోజుల్లో, చీకట్లో పొలానికి పోయి బొత్తాం నొక్కే బాధ లేకుండా రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే పంపు దానంతట అదే నడిచేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయినప్పుడు, నీళ్ళు వృథా అవుతాయనీ, పంపులన్నీ ఒక్కసారే లేస్తే లైన్లమీద భారం పడుతుందనీ ఈ ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. పంపు విషయంలో ఇది నీళ్ళకూ కరెంటుకూ సంబంధించిన లెక్క. రంపానికి మాత్రం ఆటో స్టార్టరు మాటే తలపెట్టరాదు.

ఎర్ర బొత్తాం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆకుపచ్చది నొక్కితే కలుస్తుంది. ఎర్రది మామూలుగా కలిసే ఉండి, నొక్కితే విడిపోతుంది. చుట్టకు వెళ్ళే కరెంటు ఎప్పుడూ ఎర్ర బొత్తాం గుండానే పోవాలి. ఎందుకిలా తిరగేసి పెట్టారు? ఎర్ర బొత్తానికి పోయే తీగ ఏ ఎలుకో కొరికి తెగిపోయిందనుకోండి. చుట్టకు కరెంటు ఆగి మర నిలిచిపోతుంది, లోపం వెంటనే బయటపడుతుంది. అలాకాక, నొక్కితే కలిసి మరను ఆపే ఏర్పాటయితే, తీగ తెగిన సంగతి ఎవరికీ తెలియదు. మరను తక్షణం ఆపవలసిన రోజున బొత్తాం నొక్కితే ఏమీ జరగదు. అప్పుడు తెలుస్తుంది!

ఇక స్టార్టరు చేసే రెండో పని. అది తెలియాలంటే మోటారు లోపలికి తొంగిచూడాలి. కార్ఖానాల్లో ఎక్కువగా వాడేది ఇండక్షన్ మోటారు. దీనికి నికోలా టెస్లా 1888లో పేటెంటు పొందాడు. త్రీఫేజు కరెంటుతో, పంజరంలాంటి రోటారుతో పనిచేసే నేటి రూపాన్ని డొలివో–డొబ్రొవోల్‌స్కీ 1889లో తయారుచేశాడు. బయట కదలకుండా ఉండే భాగం స్టేటారు. దాని తీగచుట్టల్లో కరెంటు ప్రవహిస్తే గుండ్రంగా తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. లోపలి రోటారుకు తీగలతో కరెంటు ఇవ్వరు. తిరిగే క్షేత్రం రోటారు కడ్డీలను దాటుకుంటూ పోతుంటే వాటిలో కరెంటు ప్రేరితమవుతుంది. ఆ కరెంటే రోటారును తిప్పుతుంది.

రోటారు ఎంత వేగంగా తిరిగినా క్షేత్రాన్ని పూర్తిగా అందుకోలేదు. నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1,500 సార్లు తిరిగితే, రోటారు సుమారు 1,440 సార్లు తిరుగుతుంది. ఈ కొద్ది తేడాతోనే పని సాగిపోతుంది. అయితే బొత్తాం నొక్కిన క్షణాన రోటారు నిశ్చలంగా ఉంది గదా! క్షేత్రం పూర్తి వేగంతో కడ్డీలను దాటిపోతుంది. వాటిలో విపరీతమైన కరెంటు పుడుతుంది, దానికి తగినట్టే స్టేటారు కూడా లైను నుంచి కరెంటు లాగుతుంది. పూర్తి బరువుతో నడిచేటప్పటికన్నా ఇది 5 నుంచి 7 రెట్లు ఉంటుంది. పిండిమర మొదలుపెట్టగానే చుట్టుపక్కల దీపాలు ఒక్కసారి మసకబారి తేరుకోవడం మీరు గమనించే ఉంటారు.

5 హెచ్.పి. త్రీఫేజు మోటారు 415 వోల్టుల మీద పూర్తి బరువుతో సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. హార్స్‌పవర్‌ను ఒకటిన్నరతో గుణిస్తే ఆంపియర్లు రమారమి వస్తాయని ఎలక్ట్రీషియన్ల నోటిలెక్క. త్రీఫేజుకు ఆ లెక్క బాగానే సరిపోతుంది. మొదలయ్యేటప్పుడు అదే మోటారు దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో దీపాల స్విచ్చి 6 ఆంపియర్లకు చేసింది. దాని కాంటాక్టులు ఈ తాకిడికి కరిగి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అతుక్కుపోతే ఏమవుతుంది? స్విచ్చి తీసినా మోటారు ఆగదు.

స్విచ్చి తెరిచేటప్పుడూ కష్టమే. మోటారు తీగచుట్టల్లో కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఇష్టపడదు. విడిపోతున్న కాంటాక్టుల మధ్య గాలిలోంచే మెరుపులా దూకుతుంది. దీన్ని ఆర్క్ అంటారు. కాంటాక్టరులో ఒక్కొక్క తీగనూ రెండేసి చోట్ల ఒకేసారి తెంచుతారు, వెండి కలిసిన మిశ్రమలోహంతో కాంటాక్టులు చేస్తారు, ఆర్క్ చల్లారడానికి చుట్టూ ప్రత్యేకమైన గది కడతారు. మనిషి చేత్తో మెల్లగా లాగితే మెల్లగానే తెరుచుకునే స్విచ్చికీ, స్ప్రింగు బలంతో టప్పున విడిపోయే కాంటాక్టరుకూ తేడా ఇక్కడే కనిపిస్తుంది.

అందువల్ల కాంటాక్టరు కొనేటప్పుడు దాని మీద రాసిన ఆంపియర్లను తొందరపడి చదవకూడదు. ఒకే కాంటాక్టరు మీద ఏసీ–1 కింద 25 ఆంపియర్లని, ఏసీ–3 కింద 9 ఆంపియర్లని ఉండవచ్చు. హీటరులాంటి నెమ్మది వస్తువులకు మొదటి సంఖ్య. ఇండక్షన్ మోటార్లకు రెండోది. తిరుగుతున్న మోటారును హఠాత్తుగా వెనక్కు తిప్పడం, కొంచెం కొంచెంగా కదిలిస్తూ మాటిమాటికీ ఆపడం వంటి మొరటు పనులకు ఏసీ–4 అని ఇంకో తరగతి ఉంది. మన రంపానికి చూడవలసింది ఏసీ–3.

మూడో పని మోటారును కాపాడడం. ఫ్యూజు ఉంది గదా, అది చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. మన 5 హెచ్.పి. మోటారుకు 10 ఆంపియర్ల ఫ్యూజు పెడితే మొదలుపెట్టినప్పుడల్లా పోవచ్చు. అందుకని 16 ఆంపియర్లదో, 20 ఆంపియర్లదో పెడతారు. ఇప్పుడు రంపం మొద్దుబారిందనుకోండి, లేదా పచ్చి కర్రను బలంగా తోస్తున్నారనుకోండి. మోటారు 7.5కు బదులు 11 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఫ్యూజుకు ఇది ఒక లెక్కలోది కాదు. కాని తీగచుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లు. గంట గడిస్తే తీగల మీది పూత మాడి వాసన వస్తుంది. ఫ్యూజు తీగలను షార్ట్ సర్క్యూట్ నుంచి కాపాడుతుంది, మోటారును కాపాడడం దాని వల్ల కాదు.

ఆ పనికి ఓవర్‌లోడ్ రిలే ఉంది. ఇందులో ద్విలోహ పట్టీలు ఉంటాయి. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాల రేకులను అతికించి చేసిన పట్టీ వేడెక్కితే ఒకవైపుకు వంగుతుంది. ఇస్త్రీపెట్టె తనంతట తాను ఆగి వెలిగేది దీని వల్లనే. మోటారు కరెంటునే ఈ పట్టీలను వేడిచేయడానికి వాడతారు. మొదలయ్యేటప్పటి కొద్ది సెకన్ల తాకిడికి పట్టీ తగినంత వేడెక్కదు, వదిలేస్తుంది. అధిక భారం నిమిషాల తరబడి ఉంటే వంగి వంగి ఒక చిన్న కాంటాక్టును తెరుస్తుంది. ఆ కాంటాక్టు ఎర్ర బొత్తాం వరసలోనే ఉంటుంది గనక కాంటాక్టరు విడిపోతుంది. మిక్సీ అడుగున నొక్కే చిన్న ఎర్ర బొత్తాం చూశారా? పప్పు గట్టిగా ఉండి మిక్సీ ఆగిపోతే అమ్మ కాసేపు ఆగి దాన్ని నొక్కుతుంది. ఆ పరికరం చేసేదీ ఇలాంటి పనే.

త్రీఫేజు మోటారుకు ఇంకొక ఆపద ఉంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆగి ఉన్న మోటారు మూలుగుతుందే గాని కదలదు. తిరుగుతున్న మోటారయితే ఆగకుండా తిరుగుతూనే మిగిలిన రెండు తీగల్లో సుమారు 1.7 రెట్ల కరెంటు లాగుతుంది. మన ఊళ్ళల్లో కాలిపోయిన మోటార్లు రీవైండింగుకు రావడానికి ఇదొక పెద్ద కారణం. మంచి రిలే దీన్ని కూడా కనిపెడుతుంది. అడిగి తీసుకోవాలి.

ఇప్పుడు ఒక చిన్న కార్ఖానాకు స్టార్టర్లు ఎంచుదాం. మొదట చదవవలసింది మోటారుకు బిగించిన పేరుపలక. హెచ్.పి., వోల్టులు, ఆంపియర్లు, ఫేజులు, చుట్లు అన్నీ దాని మీదే ఉంటాయి. నోటిలెక్క అంచనాకే. పేరుపలక మీద 7.4 అని ఉంటే 7.4 అనే నమ్మాలి.

రంపానిది 5 హెచ్.పి. మోటారే. దీనికి డి.ఓ.ఎల్. స్టార్టరు, అంటే మోటారును నేరుగా లైనుకు కలిపేది, సరిపోతుంది. ఏసీ–3 కింద 9 ఆంపియర్ల కాంటాక్టరు చాలు. కాని రోజుకు పదులసార్లు వేసి ఆపే రంపానికి 12 ఆంపియర్లది తీసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ కొద్ది ఖర్చుకు వెనకాడడం పొదుపనిపించుకోదు. రిలే 6 నుంచి 10 ఆంపియర్ల వరకు సర్దుకునేది కావాలి. దాని ముల్లును పేరుపలక చెప్పిన 7.4 దగ్గర నిలపాలి. మాటిమాటికీ ఆగిపోతోందని విసుగుపడి కొందరు ముల్లును 10కి తిప్పేస్తారు. అప్పుడు రిలే ఉన్నా లేనట్టే.

కాయిల్ వోల్టేజిని చూడడం మరచిపోతుంటారు. రెండు ఫేజుల మధ్య కలిపేదయితే 415 వోల్టుల కాయిల్, ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ కలిపేదయితే 240 వోల్టులది. 240 దాన్ని 415కి కలిపితే కాలుతుంది. 415 దాన్ని 240కి కలిపితే సరిగా లాగలేక గరగరమంటుంది.

మూలనున్న డ్రిల్లింగ్ మిషనుది 1 హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు. చిన్నదే అయినా 6, 7 ఆంపియర్లు తీసుకుంటుంది. దీనికి నో–వోల్ట్ రక్షణ ఉన్న చిన్న బొత్తాల స్విచ్చి దొరుకుతుంది, అది చాలు. ఒక్క జాగ్రత్త ఉంది: కొన్ని చిన్న మోటార్ల లోపలే వేడిని కనిపెట్టే రక్షణ ఉంటుంది. వేడెక్కితే ఆగి, చల్లారాక తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. నీళ్ళ పంపుకు ఇది సౌకర్యం. కోసే, తొలిచే మరలకు మళ్ళీ మొదటి ఆపదే వేరే దారిలో వచ్చినట్టు.

లేత్ మిషను ముందుకూ వెనక్కూ తిరగాలి. మూడు ఫేజుల్లో ఏ రెండింటిని తారుమారు చేసినా మోటారు తిరిగే దిశ మారుతుంది. ఇందుకు రెండు కాంటాక్టర్లు కావాలి. రెండూ ఒకేసారి మూసుకుంటే ఫేజులు ఒకదానికొకటి తగిలి పెద్ద షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకని ఒకటి మూసుకుని ఉంటే రెండోది కదలకుండా వాటి మధ్య అడ్డుకొక్కెం పెడతారు. అది లేని రివర్సు స్టార్టరు కొననేకూడదు.

చివరిది దుంగలు చీల్చే పెద్ద బ్యాండ్ రంపం, 10 హెచ్.పి. నడుస్తూ 14 ఆంపియర్లు తీసుకునే ఈ మోటారు నేరుగా మొదలుపెడితే 80 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఇంత తాకిడిని కరెంటు సంస్థలు ఒప్పుకోవు. అందుచేత స్టార్–డెల్టా స్టార్టరు పెడతారు. మోటారులోని మూడు తీగచుట్టల ఒక్కొక్క కొసను ఒకేచోట ముడివేస్తే స్టార్. మూడింటినీ త్రిభుజంలా కలిపితే డెల్టా. స్టార్‌లో ఒక్కొక్క చుట్టకు 415కు బదులు సుమారు 240 వోల్టులే అందుతాయి. లైను కరెంటు మూడోవంతుకు తగ్గుతుంది. వేగం అందుకున్నాక డెల్టాకు మారుతుంది. దీనికోసం మోటారు నుంచి ఆరు కొసలు బయటకు వచ్చి ఉండాలి. పైగా అది డెల్టాలో 415 వోల్టులకు చేసిన మోటారయి ఉండాలి.

ఈ లాభం ఊరికే రాదు. తిప్పే బలం కూడా మూడోవంతుకు తగ్గిపోతుంది. పట్టీ రంపానికి పెద్ద బరువైన చక్రాలు ఉంటాయి, అవి తాపీగా వేగం పుంజుకుంటాయి. తొందరపడి ముందే డెల్టాకు మారిస్తే తప్పించుకున్న తాకిడి మళ్ళీ తగులుతుంది. కర్ర ఆనించి మొదలుపెడితే అసలు కదలకపోవచ్చు. రిలే ముల్లు లెక్క కూడా మారుతుంది. సాధారణంగా ఈ స్టార్టరులో రిలే ఒక్కొక్క చుట్ట వరసలో ఉంటుంది, లైనులో కాదు. అందువల్ల 14 ఆంపియర్లలో 58 శాతం, అంటే సుమారు 8 దగ్గర పెట్టాలి. ఇది తెలియక 14 దగ్గర పెట్టి మోటారు కాల్చుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు.

పెట్టె బిగించే చోటు కూడా ఎంపికలో భాగమే. రంపపుపొట్టు లోపలికి దూరని మూత కావాలి. ఆకుపచ్చ బొత్తాం పొరపాటున చెయ్యి తగిలి నొక్కుకోకుండా లోపలికి ఉండాలి. ఎర్రది పుట్టగొడుగులా పెద్దగా బయటకు ఉండి, రెండు చేతులూ పలక మీద ఉన్నప్పుడు మోకాలితోనైనా కొట్టగలిగే ఎత్తులో ఉండాలి. దాన్ని కొట్టినా బిళ్ళ వెంటనే ఆగదు, తిరిగిన ఊపుతో ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతుంది. పెట్టె మూత మాత్రం మీరు తీయకండి. లోపల 415 వోల్టులు ఉంటాయి. అది ఎలక్ట్రీషియన్ పని, అతను కూడా మెయిన్ స్విచ్చి తీశాకే చేస్తాడు.

పెట్టె బిగించాక అతను చేసే పరీక్షను దూరంగా నిలబడి చూడవచ్చు. బల్ల మీద కర్ర లేకుండా రంపాన్ని నడుపుతాడు. అందరినీ పక్కకు తప్పించి గోడనున్న మెయిన్ స్విచ్చి తీసేస్తాడు. స్టార్టరులో టక్కుమని కాంటాక్టరు విడిపోతుంది. బిళ్ళ పూర్తిగా ఆగేదాకా చూసి, మెయిన్ స్విచ్చి మళ్ళీ వేస్తాడు. రంపం కదలకూడదు. కదిలిందంటే, ఆ స్టార్టరును విప్పి దుకాణానికి పంపించవలసిందే.